శనివారం ఫోన్ ఎత్తేదెవరు?

1985 జూలై. డాలస్‌కు గంట దూరంలో ఉన్న ఒక చిన్న పట్టణపు దినపత్రికలో కన్స్యూమర్ డెస్క్ నాది. పాఠకులు ఏదైనా కంపెనీ మీద ఫిర్యాదు రాస్తే, ఆ కంపెనీకి ఫోన్ చేసి, జవాబు రాబట్టి అచ్చువేయడం పని. అంతకుముందు హైదరాబాదులో ఎనిమిదేళ్లు వార్తలు దిద్దినవాణ్ణి కనక చిన్న అక్షరాలు చదవడం అలవాటే. మా ఎడిటరు నియమం ఒకటుండేది: ఫలానాది కొనమని పాఠకులకు చెప్పకూడదు, కొనొద్దనీ చెప్పకూడదు.

ఒక శనివారం మధ్యాహ్నం ప్రభాకరరావుగారు, ఆయన భార్య వసుంధరగారు ఆఫీసుకు వచ్చారు. ఆయన సిటీ నీటి సరఫరా శాఖలో ఇంజనీరు. చేతిలో నాలుగు పేజీల కాగితం.

"మూర్తిగారూ, మోటర్‌హోమ్ బుక్ చేశాం. సెకండ్‌హ్యాండ్. దీనిమీద ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోమంటున్నాడు బండి అమ్మేవాడు. అయిదింటిలోపు సైన్ చేయకపోతే ఇక ఇవ్వడట. తీసుకోమంటారా?"

మోటర్‌హోమ్ అంటే చక్రాల మీది ఇల్లు. ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటే, ముందే డబ్బు కడితే తర్వాత వచ్చే రిపేర్లు తాము భరిస్తామని ఒక కంపెనీ రాసిచ్చే మాట.

ఇంతకీ వాళ్లకు ఆ ఇల్లు సరదాకు కాదు. వసుంధరగారి కిడ్నీలు పనిచేయడం మానేసి ఏడాదిన్నర. రోజుకు నాలుగుసార్లు పొట్టలోని పాతనీళ్లు తీసేసి, రెండు లీటర్ల సంచి మందునీళ్లు కొత్తగా ఎక్కించుకోవాలి. శుభ్రమైన చేతులు, మూసిన తలుపు, దుమ్ములేని గది ఉండాలి. క్రితం వేసవిలో ఒక మోటెల్ గదిలో చేసుకుని ఇన్‌ఫెక్షన్ తెచ్చుకున్నారు. పదిహేను రోజులు ఆసుపత్రి. ఇంకోసారి వస్తే ఈ పద్ధతే ఆపేయాల్సి రావచ్చని డాక్టరు చెప్పాడు. ఆవిడకేమో గ్రాండ్ కేన్యన్ చూడాలని పట్టుదల.

"మధ్యలో బండి ఆగిందంటే?" అన్నారాయన. "నాకు ఆ భయమే."

నేను కాగితం చదవసాగాను. ఒంటిగంటయింది. వసుంధరగారు గోడ గడియారం చూసి లేచారు. ఎడిటరుగారి గది ఖాళీగా ఉంటే బల్ల తుడిచి ఇచ్చాను. ఆవిడ మోచేతులదాకా కడుక్కుని, సంచి పట్టుకుని లోపలికెళ్లి తలుపేసుకున్నారు. ముప్పావుగంట ఆ మూసిన తలుపును చూస్తూ కూర్చున్నాక గానీ వాళ్లు కొనబోయేది ఏమిటో నాకు అర్థం కాలేదు.

మూడో పేజీలో ఉంది అసలు సంగతి. షెడ్డువాడు బండి మీద చెయ్యి వేసేముందు కంపెనీకి ఫోన్ చేసి అనుమతి తీసుకోవాలి. దీన్ని ఆథరైజేషన్ అంటారు. అది లేకుండా బాగుచేయిస్తే పైసా రాదు.

"కంపెనీ నంబరు ఇందులోనే ఉంది, ఇప్పుడే చేసి చూద్దాం," అన్నాను.

పది రింగులయ్యాక రికార్డు చేసిన గొంతు పలికింది: సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఎనిమిది నుంచి ఐదు.

రిసీవరు ఆయన చెవికి పెట్టాను. విని, మెల్లగా అన్నారు: "మా ఆవిడ రక్తానికి వీకెండ్ లేదండీ."

తలుపు తెరుచుకుంది. సంగతి విన్న వసుంధరగారు మా వెనకనున్న అల్మారాకేసి చూశారు.

"అవేమిటండీ, టెలిఫోన్ డైరెక్టరీలా? అన్ని ఊళ్లవీనా?"

"పేపరాఫీసు కదమ్మా. ఉంటాయి."

ఆవిడ భర్తవైపు తిరిగారు. "మనం అమెరికా వచ్చి సెయింట్ లూయిస్‌లో దిగినరోజు ఏం చేశామండీ? ఫోన్ బూత్‌లో డైరెక్టరీ తీసి, రావు అని కనబడినవాళ్లందరికీ ఫోన్ చేయలేదూ?"

"ఒకాయన కన్నడం మాట్లాడాడు."

"అన్నం పెట్టింది ఆయనే కదా!"

అయిదు దాటింది. సంతకం పడలేదు. దారిలోని ప్రతి ఊరి డైరెక్టరీ దించుకుని రావులు, రెడ్లు, శాస్త్రులు ఎవరున్నారో ఆవిడ రాసుకున్నారు. ఆ వారమంతా ఇంటినుంచి ఫోన్లు, దారిలో బండి ఆగితే ఒక శుభ్రమైన గది ఇస్తారా అని. "ఏ ఊరు మీది?" అని మొదలుపెట్టినవాళ్లే ఎక్కువ. న్యూమెక్సికోలో ఒక రెడ్డిగారు మాత్రం, "ఇన్సూరెన్సా? వద్దు," అని పెట్టేశారట.

మూడు వారాల తర్వాత, మళ్లీ శనివారమే, రెండున్నరకు నా బల్ల మీద ఫోన్ మోగింది. కేన్యన్ దారిలో, న్యూమెక్సికోలోని ఒక పెట్రోలు బంకు బూత్ నుంచి ప్రభాకరరావుగారు.

"ఇంజన్ వాటర్ పంప్ పోయింది, బండి కదలదు. పార్ట్ సోమవారం వస్తుందట. ఇంజన్ మూత ఇంట్లోకే కదండీ తెరుచుకునేది, లోపలంతా గ్రీజు, దుమ్ము. ఒంటిగంటకి చేయాల్సింది ఇంకా చేయలేదు. షెడ్డు బాత్రూమ్‌లో చేసుకుంటానంటోంది."

"వద్దనండి. లిస్టులో దగ్గరెవరు?"

"ఆ రెడ్డిగారే. పెట్టేశాడే, ఆయన. మళ్లీ చేయడానికి మొహం చెల్లలేదు."

నేను చేశాను. ఇన్సూరెన్సు కాదు, పేపరాఫీసు అని మొదలుపెట్టి ఒక్క ఊపిరిలో చెప్పేశాను. మళ్లీ పెట్టేస్తారనే అనుకున్నాను.

"నేను పశువుల డాక్టర్నండీ," అన్నారాయన. "ఫరవాలేదా?"

నలభై నిమిషాల్లో ఆయన కారు ఆ బంకుకు చేరింది. ఈలోగా ఇంట్లో ఆయన భార్య ఒక గది కడిగించి ఉంచారు. కారెక్కుతూ వసుంధరగారు, "గది మాత్రం మనుషులదే కదన్నయ్యగారూ?" అన్నారట. సాయంత్రం ఆ ఇంటినుంచే నాకు ఫోన్ చేసి నవ్వుతూ చెప్పారు. ఆమె గొంతు విన్నాక గానీ నేను కుర్చీలోంచి లేవలేదు. ఆ తర్వాత వాళ్లు కేన్యన్ చూసే వచ్చారు. ఇన్‌ఫెక్షన్ రాలేదు.

రిపేరు ఖర్చు బాగానే తగిలింది. వారంటీ ఉంటే అది వెనక్కి వచ్చేదేమో. అందుకే కొనకపోవడమే మంచిదయిందని నేను అనను. పాఠకులకు మాత్రం ఒక మాట రాశాను, అది మా నియమానికి అడ్డురాలేదు: సంతకం పెట్టేముందు వారంటీ కాగితం మీది నంబరుకు ఒక శనివారం మధ్యాహ్నం ఫోన్ చేసి చూడండి.

తిరిగొచ్చాక వసుంధరగారు ఆ లిస్టు నాకు చూపించారు. అన్ని పేర్ల కింద, చివరి వరసలో నా డెస్క్ నంబరు ఉంది. పక్కన బ్రాకెట్లో, "శనివారం కూడా ఎత్తుతారు."

రిటైరయ్యేదాకా శనివారాలు ఆ ఫోన్‌ను రెండో రింగుదాకా వెళ్లనివ్వలేదు.