రాఖీ పున్నమి నాటి బొట్టు

పెళ్లయ్యాక నేను జ్ఞానస్నానం తీసుకుని క్యాథలిక్‌ని అయ్యాను. బొట్టు మాత్రం తీయలేదు. మా చర్చిలో తియ్యమన్నవాళ్లూ లేరు. అక్కడ ఆదివారం ఆరాధనను పూజ అంటారు, పండగలకు హారతి కూడా ఇస్తారు. మా పక్కింటి ప్రొటెస్టెంట్ అక్క మాత్రం నన్ను "సగం క్రిస్టియన్" అని ఆటపట్టించేది. నవ్వి ఊరుకునేదాన్ని. ఆ బొట్టున్నంత కాలం పంజాగుట్టలో అన్న ఇంటి తలుపు నాకు తెరిచే ఉంటుందని నా ధీమా.

పోయిన రాఖీ పున్నమికి అన్న ఫోన్ చేసి, ఇంటికి వద్దు, షాపుకు రమ్మన్నాడు. పండగ గిరాకీ కాబోలనుకుని ఎర్రగడ్డలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగాను. అన్నకు అక్కడ టైలరింగ్ షాపుంది. మాది నేత కుటుంబం. ఆ రోజు మగవాళ్లు కొత్త జంధ్యం వేసుకుంటారు. చిన్నప్పుడు దానికి పసుపు రాసే పని నాదే. అన్న పలచటి చొక్కాలోంచి ఆ పసుపు కనబడింది. ఈసారి ఎవరు రాశారో అడగబుద్ధి కాలేదు.

కుంకుమ వేలికి అద్దుకుని దగ్గరికి పోతే తల వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు పెట్టకు."

"ఏమైందన్నా?"

"మీ వదిన చెల్లె మతం మారుతనంటుంది. ఎందుకే అంటే, బొట్టు సుత ఉంచుకోవచ్చు, నిన్ను చూడుండ్రి అంటుంది. పూజ మాదే, హారతి మాదే. మా లెక్కనే కనబడుకుంట మా ఇండ్లు ఖాళీ చేస్తుండ్రు."

"నేనెవర్నీ రమ్మనలే. గిది అమ్మ పెట్టిన బొట్టన్నా."

"గందుకే నాకు మండుతుంది."

ఒళ్లు మండింది నాకూ. ఆ పిల్లతో నేనెప్పుడూ మతం మాటే ఎత్తలేదు. కానీ రాఖీ కట్టకుండా వెళ్లడం నా వల్ల కాలేదు. షాపు అద్దం ముందు నిలబడి కొంగుతో బొట్టు తుడిచేశాను.

"ఇప్పుడు కట్టనియ్యి."

అన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి చాపుతాడనుకున్నాను.

"పున్నమి పూట బొట్టు తుడుస్తవా? ఇగ నువ్వు మా ఇంటి ఆడపిల్లవే కాదు, పో" అని మిషన్ తొక్కడం మొదలుపెట్టాడు.

రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. రాఖీ సంచిలో వేసుకుని ఇంటికొచ్చేసరికి పక్కింటి అక్క గుమ్మంలోనే ఉంది. నా నుదురు చూసి ముఖమంతా విప్పార్చుకుని నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఇప్పుడు సక్కగున్నవ్ చెల్లె. దేవుని మాట విన్నవ్."

తలుపేసుకుని ఏడ్చాను.