చల్లారేదాకా

మొన్న హోసూరులో మనవరాలు పనిచేసే ప్రయోగశాల చూడబోతే, ఒక యంత్రం ముందు నన్ను నిలబెట్టి, కాసేపు పని లేకపోతే ఇది తనంతట తానే వేడి తగ్గించుకుని గ్యాసు కూడా పొదుపుగా వాడుకుంటుందని గొప్పగా చెప్పింది. నాకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి. పందొమ్మిదివందల అరవైల చివర్లో ఆ పని చేసినదాన్ని నేనే మరి.

అప్పట్లో ఆ ఊళ్లోనే, సుగంధ నూనెల్లో కల్తీ పట్టే చిన్న ప్రయోగశాలలో సహాయకురాలిగా చేరాను. మా వేప్పనపల్లి నుంచి ఆడపిల్లను ఉద్యోగానికి పంపడమా అని ఊరంతా బుగ్గలు నొక్కుకుంటే, ఒక్క ఏడాది చూద్దాం, నీ మీద ఏ చిన్న మాట వచ్చినా తిరిగి వచ్చేయాలని షరతు పెట్టి పంపాడు నాన్న. అక్కడ నూనెలో ఏమేం కలిశాయో విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే యంత్రం ఒకటుండేది. వేడి పెట్టెలో చుట్టగా ఉన్న సన్నటి గొట్టంలోంచి నైట్రోజన్ గ్యాసు నూనె ఆవిరిని తోసుకుపోతే, పక్కనున్న కలం కాగితం మీద కొండకొమ్ముల్లాంటి గీతలు గీసేది. ఆ గ్యాసు సిలిండర్ బెంగళూరు నుంచి లారీలో రావాలి, ఆ లారీ ఎప్పుడొస్తుందో దేవుడికెరుక.

ఒక మధ్యాహ్నం మా పెద్దసారు కృష్ణగిరి వెళ్లారు. పరీక్షించడానికి నూనెలేవీ లేవు, యంత్రం ఊరికే కాలుతూ కూర్చుంది. మనిషి లేని గదిలో దీపం వెలిగితే అమ్మ చేత చీవాట్లు తిని పెరిగినదాన్ని, చూస్తూ ఊరుకోలేక ముందు సిలిండర్ మూసేసి, తర్వాత స్విచ్చి ఆపేసి, ఎంతో మిగిల్చానన్న తృప్తితో నేనుంటున్న మేనత్త ఇంటికి వెళ్లిపోయాను. మర్నాడు కొండకొమ్ములు గీయాల్సిన కలం ముసలి ఎద్దు వీపులాంటి గీత గీసింది. గొట్టం పాడైందని అర్థమై, ఇక మూట సర్దుకోవడమేననుకుని, ఉన్నదున్నట్టు సారుకు చెప్పేశాను.

ఆయన కోప్పడలేదు. “మిగిలించాలనుకున్నావు, మంచిదేనమ్మా. అయితే కాలతా ఉన్నదానికి గ్యాసు ఆపేస్తే ఎట్లా? చల్లారేదాకా కొంచెం పోతా ఉండాల, మనమూ ఆడే ఉండాల,” అన్నారు.

ఆనాటి నుంచి పని అయిపోగానే వేడి ఆపి, గ్యాసు సన్నగా తగ్గించి, గొట్టం చల్లబడేదాకా ఇద్దరం దాని పక్కన కూర్చునేవాళ్లం. నాకు వచ్చిన రసాయన శాస్త్రమంతా ఆ ఖాళీ సమయంలో ఆయన నేర్పిందే. ఏడాది దాటింది, రెండేళ్లూ దాటాయి, నాన్న రమ్మనలేదు. గొట్టం పాడైనందుకు పైవాళ్లెవరూ నన్ను ఒక్క మాట అనలేదేమని నాకు తోచనూ లేదు.

సారు పోయాక పాత ఫైళ్లు సర్దుతుంటే, ఆ గొట్టం తన పొరపాటు వల్లే పాడైందని పైవాళ్లకు ఆయన రాసిన ఉత్తరం నకలు దొరికింది.

మనవరాలి యంత్రం తనంతట తానే చల్లబడుతుంది, మంచిదే, గొట్టాలు పాడుకావు. దాని పక్కన ఎవరూ కూర్చోనక్కర్లేదు. నేను మాత్రం అన్ని సాయంత్రాలు ఆయన పక్కన కూర్చుని కూడా, ఒక్క దండమైనా పెట్టకుండా లేచి ఇంటికి వచ్చేశాను.