మార్పుల బాబాయి

ఎవరి ఫైల్లో చిన్న గీత కదిలినా, లేచొచ్చి కారణం అడిగితేగానీ మార్పుల బాబాయికి మంచినీళ్ళు కూడా గొంతు దిగవు. భవనాలకు ప్లాన్లు గీసే ఆ ఆఫీసులో పన్నెండు మంది ఫైళ్ళూ క్లౌడ్‌లో ఉంటాయి. పది నిమిషాలకోసారి అందరి ఖాతాలూ తిరిగి, ఇందాకటి నుంచి ఏం మారిందో కనుక్కొచ్చే ప్రోగ్రాము ఆయనే రాశాడు. అది జవాబు తెచ్చాక ఆయన కాళ్ళు ఊరుకోవు.

"మెట్టు ఒకటి తీసేశావేం తల్లీ?"

"లెక్క తప్పింది బాబాయ్."

"సరే. తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశావు. మధ్యలో ఏమనిపించింది?"

కొత్తగా చేరిన ప్లాన్ల అమ్మాయికి ఒళ్ళు మండిపోయేది. టైపిస్టు కాన్పుకి వెళ్తూ ఓ ఫైలు పేరు మారిస్తే, ఈయన ఆస్పత్రికే ఫోన్ చేశాడట. "బిడ్డ పుట్టాక చెప్తాను బాబాయ్" అందట ఆవిడ. "తొందరేం లేదమ్మా, లైన్లోనే ఉంటాను" అన్నాడట.

ఆ శుక్రవారం మూడున్నరకు, సర్దుదామని అందరూ కలిసి వాడే ఆస్పత్రి ప్లాన్ల ఫోల్డరు మొత్తాన్ని తన సొంత ఖాతాలోకి లాక్కుంది అమ్మాయి. అంతే, మిగతా పదకొండు మందికీ అది మాయమైంది. ఐదింటికి, ఆ వారం ఏమేం మారాయో బాబాయి రాసే రిపోర్టు మేనేజరుకు వెళ్తుంది. ఇంకో పొరపాటు చేస్తే రేపట్నుంచి రానక్కర్లేదని ఆయన కిందటి వారమే చెప్పాడు.

బాబాయి రానే వచ్చాడు. "పదకొండు చోట్ల ఫోల్డరు చెరిపేశారంటోంది నా ప్రోగ్రాము. నీ దగ్గరికి లాక్కున్నావా?"

"సర్దుదామని..." ఏడుపు ఆగలేదు.

"చెరపలేదుగా, జరిపావంతే. వెనక్కి పెట్టెయ్."

పెట్టేసింది. ఆయన వెంటే వెళ్ళి రిపోర్టు చూసింది. "ఆస్పత్రి ఫోల్డరు పొరపాటున పక్కకు జరిగింది, వెంటనే సరిచేశారు" అని ఉంది. పైన వారాల తరబడి అన్నీ అలాంటివే. పేరన్నది ఒక్కటీ లేదు.

"అందుకా బాబాయ్, అందరి వెంటా పడేది?"

"ఉత్త లిస్టు పంపితే మేనేజరు పేర్లే చూస్తాడమ్మా. కారణం ఎవరో ఒకరు అడగాలిగా."

ఇన్నాళ్ళూ ఈయన్నా విసుక్కున్నది అని ఆమెకు సిగ్గేసింది.

ఐదింటికి మేనేజరు రిపోర్టు తిరగేసి, "మనవాళ్ళెవరూ పొరపాట్లే మిగల్చరేమిటండీ?" అన్నాడు.

"బోలెడు చేస్తారండీ," అన్నాడు బాబాయి. "కాకపోతే ఐదింటి లోపలే చేసేస్తారు."