పడవను వదిలి గెడను పట్టుకున్నాను

యుద్ధం నాటి మాట. పులికాట్ సరస్సులో జనాన్ని దాటించే సర్కారు పడవలకు మనుషులను తీసుకుంటున్నారని తెలిసి, సత్యవేడు నుంచి ఎగురుకుంటా పోయినాను. మడక పట్టి దున్నడం తప్ప ఏమీ తెలియదు నాకు!

పరీక్షకని పడవనిండా జనాన్ని ఎక్కించి, పడవలు నడిపేవాళ్ల పెద్ద సరంగు నా చేతికి వెదురు గెడ ఇచ్చినాడు. పడవను తోసేదానికి బలమంతా పెట్టి నీళ్ల అడుగున పొడిచినాను. గెడ బురదలో దిగబడిపోయింది.

“గెడ వదులప్పా!” అని సరంగు అరిచినాడు.

సర్కారు సొత్తు పోతే ఎట్ల? ఇంకా గట్టిగా పట్టుకున్నాను. పడవ కాళ్ల కింద నుంచి జారి ముందుకు పోయింది. సరస్సు నడుమ గెడకు కోతి మాదిరి వేలాడినాను. జనం ఒకటే నవ్వు!

చేతులు జారి పడితే, నీళ్లు నడుము లోతే! గెడ పీకి భుజాన వేసుకుని పడవ వెంట పడినాను.

“సామాను పోగొట్టేవాడు కాదు. రేపట్నుంచి రా, నేర్పిస్తా” అన్నాడు సరంగు.

తర్వాత కొత్తవాళ్లకు నేర్పే పని నాకే వచ్చింది. “గెడ ఇరుక్కుంటే వదిలేయండప్పా, పడవను వదలొద్దు” అనేవాణ్ణి.

“పడవను ఎవరన్నా వదుల్తారా సామీ?” అని వాళ్లు నవ్వేవాళ్లు.

నేనూ నవ్వేవాణ్ణి.