గుత్తి దగ్గర ఆగిన మబ్బు

ఆ వయసులో ఏది అయ్యే పని, ఏది కాదు అనే లెక్క మనసుకు ఉండదు కాబోలు. నేనొకసారి చేతిలో ఇమిడే ప్లాస్టిక్ పెట్టెతో మబ్బును మా ఊరు యాడికి దాకా తోలుకురావాలని చూశాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. (డైరీకి కూడా. దాన్ని మా చెల్లెలు చదివేది.)

అప్పుడు తాడిపత్రిలో డిగ్రీ చదువుతున్నాను. తరగతిలో ఎవరూ నోరు విప్పడం లేదని మా భూగోళం సారు మనిషికొక క్లిక్కర్ ఇచ్చాడు. టీవీ రిమోట్‌కు చెల్లెలిలా ఉండేది. మేం మీట నొక్కితే తెర మీద గీతలు లేచేవి, పేర్లు కనబడేవి కావు. హాజరు పలకడం తప్ప మరో మాట రాని నాకు అది కొత్తగా మొలిచిన గొంతు. పాఠం చివర సారు తప్పకుండా అడిగేవాడు: అర్థమైతే ఒకటి, కాకపోతే రెండు. ఒక్కరు రెండు నొక్కినా మళ్ళీ మొదటి నుంచి చెప్పేవాడు.

ఆ రోజు వాన పాఠం. కిటికీ అద్దాల మీద బండల పాలిష్ మిల్లుల దుమ్ము, బయట తెల్లటి ఆకాశం, మా ఊళ్ళో నాయన విత్తిన శెనక్కాయ చేను వాడిపోతూ ఉంది. "మబ్బు పడమటి కొండలెక్కాల. ఎక్కేకొద్దీ చల్లబడతాది, బరువు మోయలేక ఆడే దించేస్తాది. మన పక్కకు వచ్చేసరికి ఖాళీ" అన్నాడు సారు. నాకు బాగానే అర్థమైంది. అర్థమైనందుకే దిగులేసింది. బొటనవేలు దానంతటది రెండు నొక్కింది. తెర మీద ఒక పొడుగాటి గీత, పక్కన చీమంత నా గీత.

రెండోసారి చెప్పేటప్పుడు సారు, ఆ ఒక్కరి మీద జాలితో కాబోలు, మబ్బును కాస్త ఇవతలికి తెచ్చాడు. "ఒక్కోసారి రవ్వంత మిగిల్చుకుని బళ్ళారి దాకా వస్తాది." మళ్ళీ నొక్కాను. ఈసారి గుత్తిలో నాలుగు చినుకులు రాలాయి. గుత్తి నుంచి మా ఊరెంత దూరమని!

నా పక్కన కూర్చునే మా ఊరి పిల్లను, దాని పెద్ద గొంతు వల్ల, అందరూ హారన్ అనేవాళ్ళు. "ఎవరే ఆ మట్టిబుర్ర? ఆడ బస్సు పోతాండాది!" అని పళ్ళు కొరికింది. అందరూ వెనక బెంచీ అబ్బాయి వైపు తిరిగారు. "నన్నెందుకు చూస్తారప్పా? నాకు మొదటి దినం నుంచి ఏమీ అర్థం కాలేదు. అయినా ఎప్పుడన్నా రెండు నొక్కినానా?" అన్నాడు పాపం. హారన్ నా భుజం తట్టి, "నీకేం పాపా, నువ్వు పుస్తకాలే తినేదానివి" అంది. నేను తల వంచుకుని మళ్ళీ రెండు నొక్కాను.

సారు తెర చూశాడు, గడియారం చూశాడు. "ఈ పొద్దుకు చాలు, పోండి" అన్నాడు. మబ్బు గుత్తిలోనే నిలిచిపోయింది.

అందరూ బస్సుకు పరిగెత్తారు. నేను చివరగా పెట్టె ఇవ్వబోతే సారు దాని వెనక నెంబరు చూసి, తన కంప్యూటర్ వైపు చూశాడు. (నెంబర్లు ఆయనకు కనబడతాయని అప్పుడు తెలిసింది.) "ఏ ఊరమ్మా?" అన్నాడు. "యాడికి సార్." హాజరు కాకుండా ఆయనతో నేనన్న మొదటి మాట అది.

ఇప్పటికీ పడమట మబ్బు లేస్తే నా బొటనవేలు గాల్లో మీట వెతుకుతుంది. ఆ పిచ్చిపిల్లను తలుచుకుని నవ్వుకుంటాను. ఆ సాయంత్రం సారు నవ్వలేదు. కిటికీ అద్దం మీది దుమ్మును వేలితో తుడిచి, బయటికి చూసి, పెట్టెను తిరిగి నా చేతిలోనే పెట్టాడు.

"రేపు మల్లా నొక్కమ్మా. గుత్తి దాటిద్దాం."