గడప విడవని ఏసుమణి

ముత్తుకూరు చుట్టుపక్కల పల్లెల్లో కాన్పంటే మంత్రసాని ఏసుమణిని పిలవాల్సిందే. హస్తవాసి మంచిదని పేరు. నోరే కాస్త దురుసు. పురిటిగదిలో అడుగుపెట్టగానే బిడ్డకంటే ముందు మంచం కిందికి వంగి చూసేది. అక్కడ కుంపటి కనిపించిందా, ఇక ఇల్లు ఎగిరిపోయేలా అరిచేది.

ఆ రోజుల్లో బాలింతకు గాలి తగలకూడదు. కిటికీలకు గోనెపట్టలు కుక్కి, తలుపు బిగించి, మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టేవాళ్ళు. అందరూ ప్రేమతో చేసే పనే. అదే వచ్చిన చిక్కు! పగవాళ్ళు చేసే పనైతే ఆపడం ఎంతసేపు?

పంతొమ్మిది వందల అరవై రెండు కార్తీకంలో ముసురు పట్టింది. పెద్ద రైతు ఇల్లాలు వెంకటశేషమ్మ కూతురు చెంచులక్ష్మికి తొలి కాన్పయింది. మూడోనాడు పొద్దున్నే బిడ్డకు నీళ్ళు పోయడానికి వెళ్ళి ఏసుమణి తలుపు తోసేసరికి గది ఉడికిపోతోంది. చెంచులక్ష్మి సోలిపోయి ఉంది. తల పగిలిపోతోందట, రెండుసార్లు వాంతయిందట. బిడ్డ పాలకు నోరు తెరవకుండా జోగుతోంది.

ఏసుమణి బిడ్డను ఎత్తుకుని, తల్లిని నడిపించి వసారాలో కూర్చోబెట్టింది. గోనెపట్టలు పీకేసింది. కుంపటి తీసుకెళ్ళి వానలో బోర్లించింది. కాసేపటికి చెంచులక్ష్మి తేరుకుంది, బిడ్డ కేరుమని ఏడ్చి పాలు తాగింది. గదిలో గాలి బాగా ఆడాక వాళ్ళను మళ్ళీ లోపల పడుకోబెట్టి, ఏసుమణి చేతులు కడుక్కుని వచ్చింది. చూస్తే ఏముంది! వెంకటశేషమ్మ ఇంకో కుంపటి రాజేసి తెస్తోంది.

ఏసుమణి వెళ్ళి గది గడప మీద చతికిలబడింది.

"ఏందిమే, గడప మీద కూర్చుంటావా? అదీ మా ఇంట్లో! లెయ్."

"లెయ్యనమ్మా. నేనుండగా ఈ తలుపు మూతపడదు, ఆ కుంపటి లోపలికి పోదు."

"పొగ యాడుందే ఇందులో? నిప్పులు కణకణలాడతా ఉంటే!"

"పొగొస్తే దగ్గుకుంటా లేస్తారమ్మా. ఇది కంటికి కనపడదు, ముక్కుకు తెలవదు. మూసిన గదిలో బొగ్గు మండితే విషగాలి పుడతాదని ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. చలైతే ఇంకో దుప్పటి కప్పుదాం."

వెంకటశేషమ్మ కుంపటి వసారాలో దించి, పాలేళ్ళ చేత గెంటిస్తానంది. గెంటించుకోమంది ఏసుమణి. మధ్యాహ్నమైంది. ఈమె లేవదు, ఆమె తగ్గదు. చివరికి వెంకటశేషమ్మకు ఏడుపొచ్చేసింది.

"గాలి సోకి నా బిడ్డ నాకు దక్కకపోతేనో?"

ఏసుమణి అంతవరకూ ఏ ఇంట్లోనూ చెప్పని మాట అప్పుడు చెప్పింది.

"నా కూతురు కరుణాకుమారికీ పురిట్లో గాలి సోకగూడదనే కిటికీకి గోనె కుక్కినానమ్మా. కుంపటి నేనే రాజేసినా. తెల్లారి తలుపు తీసింది కూడా నేనే. అందరూ దయ్యపు గాలన్నారు. డాక్టరమ్మ ఒక్కతే నిజం చెప్పింది. పోయేనాటికి పద్దెనిమిదేళ్ళమ్మా దానికి."

వెంకటశేషమ్మ కుంపటి పెరట్లోకి తీసుకెళ్ళి నీళ్ళు కుమ్మరించింది. తిరిగొచ్చి ఏసుమణి పక్కనే గడప మీద కూలబడింది.

"అమ్మా, దాహం" అంది లోపల్నుంచి చెంచులక్ష్మి.

ఇద్దరూ ఒక్కసారే లేచారు.