బావగారి హాస్టల్

మా బావగారు ఇంటర్ చదివింది విజయవాడలో, గోడల మీద గాజుపెంకులు గుచ్చిన ఒక రెసిడెన్షియల్ కాలేజీలో. అక్కడ తిన్న దెబ్బల వల్లే సింగపూర్‌లో బ్యాంకు ఉద్యోగం దొరికిందని ఆయన గట్టి నమ్మకం. అందుకే పదిహేనేళ్ళ కూతురు స్కూలు ఎగ్గొట్టి, ఒకటి రెండు రాత్రులు ఇంటికి రాకపోయేసరికి, పిల్ల మా అదుపులో లేదంటూ కోర్టుకెక్కారు. ఇక్కడ తల్లిదండ్రులు అలా వెళ్ళొచ్చు.

"నాలుగు నెలలు హాస్టల్లో పడేస్తే దారికొస్తుంది," అన్నారు సెంగ్‌కాంగ్‌లోని వాళ్ళ ఫ్లాట్‌లో పెసరట్టు తింటూ. అక్క ఏడుస్తోంది.

"అది హాస్టల్ కాదు బావగారూ," అని మొత్తుకున్నాను.

"నీకూ పిల్లలుంటే తెలిసేది," అన్నారు.

కోర్టు పిల్లని, అదుపు తప్పిన ఆడపిల్లల్ని ఉంచే హోమ్‌కి ఏడాది గడువు మీద పంపింది. తర్వాత అక్క పోరు పడలేక బావగారు పిల్లని వెనక్కి తీసుకుంటానంటే, ఇక అది మీ చేతుల్లో లేదన్నారు కోర్టువాళ్ళు.

చూడటానికి నేనూ వెళ్ళాను. పిల్ల చిటికెన వేలికి కట్టు. గదిలో ఉండే పెద్దపిల్ల తలుపు సందులో పెట్టి నొక్కిందట. చెప్పుకుంటే, ఆ రాత్రీ అదే గదిలో పడుకోబెట్టారట.

"చిన్న గొడవే లా, ఆంటీ," అంది పక్కనే కూర్చున్న హోమ్ ఆఫీసరమ్మ, మాట చివర 'లా' తగిలించే ఈ ఊరి యాసలో, నవ్వుతూ. ఒళ్ళు మండిపోయింది నాకు. ఈ ఊళ్ళో ట్రైన్ కాస్త ఆలస్యమైతే మైకులో క్షమించమంటారు. మా పిల్ల వేలు విరిగితే ఆ మాట అన్నవాళ్ళు లేరు.

బావగారు కూతురి తల నిమిరారు. "గొడవ చేస్తే రిపోర్టు పాడవుతుంది, ఇంకా ఉంచేస్తారు. కాస్త అడ్జస్ట్ అవ్వమ్మా. హాస్టల్లో మేమందరం పడ్డవాళ్ళమే."

పిల్ల ఆయన వంక చూసిన చూపు నేను చూశాను. ఆ తర్వాత ఆయనతో మాట్లాడటం మానేసింది.

ఆయన వద్దన్నా నేను పైవాళ్ళకి ఫిర్యాదు రాశాను. విచారించాం, పొరపాటున తలుపు తగిలింది అని జవాబొచ్చింది. వాళ్ళు విచారించింది ఆ సిబ్బందినే. పిల్లనెవరూ ఒక్క మాటా అడగలేదు.

మొన్న గడువు ముగుస్తుందనగా మళ్ళీ కోర్టు. బావగారు ముందురోజే ఇంట్లో పిల్ల గదికి కొత్త కర్టెన్లు కట్టించారు. ఇంటికి వెళ్తావా అని జడ్జి అడిగితే పిల్ల తల అడ్డంగా ఊపిందట. నేను బయట బెంచీ మీదున్నాను. అక్క వచ్చి చెప్పింది.

"ఎందుకని అడిగారే. అక్కడ నన్ను కొట్టేవాళ్ళు పరాయివాళ్ళే, పడమని చెప్పింది మాత్రం మా నాన్న కదా, అంది."

గడువు ఇంకో ఏడాది పొడిగించారు.